మామ పక్కన మనిషి

ఈ వారం నా పరువు నేనే తీసుకుంటున్నాను. కాలేజీ రోజుల్లో నలుగురం కలిసి షార్ట్ ఫిల్ములు తీశాం. మొదటిది బాగుందన్నారు, రెండోది పర్లేదన్నారు, మూడోది అసలు పూర్తే కాలేదు! డబ్బు లేక కాదండోయ్. రాసేవాణ్ణి నేను. కెమెరా ఎక్కడ పెట్టాలో కూడా నేనే చెప్పేవాణ్ణి. కెమెరా పట్టినవాడేమో నా డైలాగులు కొట్టేసేవాడు. మధ్యలో ‘ఒరే, వాడి ఉద్దేశం ఇదిరా’ అని చెప్పే నాథుడు లేడు. సినిమా అటకెక్కింది, జట్టు చెదిరిపోయింది.

మొన్న ‘శంకరాభరణం’ మళ్లీ చూస్తుంటే ఈ గొడవంతా గుర్తొచ్చింది. 1980లో విడుదలైన ఆ చిత్రానికి సంగీతం కె.వి.మహదేవన్. జాతీయ అవార్డు కూడా తెచ్చుకున్నారు. అందరూ ‘మామ’ అని పిలుచుకున్న ఆయన మాతృభాష తెలుగు కాదు. అయినా ఆయన పద్ధతేమిటో తెలుసా? ముందు పాట రాయించుకోవడం, ఆ తర్వాతే వరస కట్టడం! ‘బాణీకి సరిపోలేదు, ఈ మాట మార్చవయ్యా’ అని కవి ప్రాణం తీయడం ఆయన పద్ధతి కాదు. కవి పని కవిది, ఆయన పని ఆయనది.

మరి తనది కాని భాషలో పాట ఆయనకెలా పట్టుబడింది? అక్కడే ఉన్నాడు మన హీరో, పుహళేంది! మలయాళ సీమ నుంచి వచ్చిన ఈ సహాయకుడే తెలుగు పాట భావం మామకు విడమరిచేవాడు. మామ కట్టిన వరస గాయకులకు నేర్పేవాడు. ఒకటా, రెండా, దశాబ్దాల పాటు అదే పని. మలయాళంలో సొంతంగా సంగీత దర్శకత్వం చేసినవాడే సుమండీ! అయినా మామను విడిచిపెట్టలేదు. టైటిల్సులో మామ పేరుతో పాటు ఆయన పేరూ పడేది. మేమేమో పోస్టరు మీద ఎవరి పేరు ముందుండాలని వారం రోజులు మాటలు మానేశాం!

ఇక దర్శకుడు కె.విశ్వనాథ్. 1976లో ‘సిరిసిరిమువ్వ’ మామతో చేశారు. 1983లో ‘సాగరసంగమం’ ఇళయరాజాతో చేశారు. మా జట్టులోనైతే అది పచ్చి ద్రోహం! కానీ 1986లో ‘సిరివెన్నెల’, మరుసటేడు ‘శ్రుతిలయలు’, 1992లో ‘స్వాతికిరణం’... అన్నిటికీ మళ్లీ మామే.

అన్నట్టు, మా కెమెరా మిత్రుడు ఇప్పుడు పెళ్లి వీడియోలు తీస్తున్నాడు. పదేళ్ల తర్వాత పోయిన ఆదివారం ఫోన్ చేశాను. ‘కథ ఒకటుందిరా, ఫ్రేము జోలికి రాను’ అన్నాను. కాసేపు పలకలేదు. ‘ముందు పంపు, చూస్తా’ అన్నాడు.

పంపాను. ఇంకా జవాబు రాలేదు.