‘పోనీ’ అనే బృందం



హాస్యచిత్రాలపై నాకు సదభిప్రాయం తక్కువ. అయినను మనుమడి బలవంతం మీద, ఆంగ్ల ఉపశీర్షికల సాయంతో, ‘యొవిస్ బెన్’ అనే జావా చిత్రం చూచాను. 2018లో వచ్చినది. ఫజర్ నుగ్రోస్, బయు స్కక్ దర్శకులు. బయు స్కక్ కథానాయకుడు కూడాను. చూచినంతసేపూ నవ్వాను. పిమ్మట కొంత సిగ్గుపడ్డాను. ఆ సిగ్గును గురించే ఈ నాలుగు మాటలూ.

కథ చిన్నది. తూర్పు జావాలోని మలాంగ్ నగరం. కథానాయకుని తల్లి పెచెల్ అమ్ముతుంది. ఉడికించిన ఆకుకూరల మీద వేరుసెనగ పచ్చడి వంటిది పోసి అన్నంతో తినే పదార్థమది. కొడుకు దానిని బడిలో అమ్ముతాడు. సుసాన్ అనే తోటి విద్యార్థినిపై మనసు పడి, ఆమె కంట పడాలని మిత్రులను కూడగట్టి వాద్యబృందం పెడతాడు. ప్రేమ ముదిరినకొద్దీ స్నేహానికి చిక్కులు. ఆ పిల్ల మనసులో ఏమున్నదో కథకులు అంతగా పట్టించుకోలేదు; అది లోపమే.

పేరులో శ్లేష ఉన్నది. ‘యొ విస్ బెన్’ అంటే ‘సరే, పోనీ’ అని. ‘బెన్’ అంటే బ్యాండు కూడా. శ్లేష కనబడితే ప్రాణం లేచివచ్చే జాతి మాది, ఇక్కడే లొంగిపోయాను.

ఇండొనేషియా జాతీయభాష మలయు భాషపై ఏర్పడినది. జావాభాష మాట్లాడేవారు 6 కోట్లకు పైగా ఉన్నా, సినిమాలన్నీ దాదాపు జాతీయభాషలోనే. జావా యాస తరచు పనిమనిషికో నవ్వించేవాడికో దక్కేది. (తెలంగాణ పలుకుకు మన తెర మీద చాలాకాలం పట్టిన గతి వేరే చెప్పాలా?) ఈ చిత్రం అధికభాగం జావాభాషలోనే నడిచింది, 9 లక్షలకు పైగా జనం చూచారు. ఆ భాషలో పెద్దలతో ఆడేది ‘క్రమ’, చనువున్నవారితో ఆడేది ‘ఙొకొ’. ప్రత్యయాలే కాదు, మాటలే మారిపోతాయి. ఈ కుఱ్ఱవాళ్ళు తిట్టుకునేది ఙొకొలో, కలిసిపోయేదీ అందులోనే. వారి నోట గ్రంథభాష పెడితే స్నేహం మిగలదు.

మరొక ముచ్చట. జావాలో ప్రేమను ‘త్రెస్న’ అంటారు. మన తృష్ణయే. మన పెద్దలు విడిచిపెట్టమన్న దాహం సముద్రం దాటి ఆప్యాయత అయింది!

ఇక నా సిగ్గు సంగతి. ఏడవ తరగతి పిల్లవాడొకడు వ్యాసంలో ‘మా అమ్మ బువ్వ పెట్టింది’ అని వ్రాశాడు. ‘బువ్వ’ కొట్టివేసి ఎఱ్ఱసిరాతో ‘అన్నము’ అని దిద్దాను. గ్రామ్యమని తరగతిలో చదివి వినిపించాను కూడా. పిల్లలు నవ్వారు. ఆ సంవత్సరం వాడి వ్యాసాలలో వాళ్ళమ్మ మళ్ళీ కనబడలేదు. సినిమాలో ఆ తల్లి పెచెల్ కలుపుతున్నప్పుడు వాడే గుర్తుకు వచ్చాడు. దిద్దవలసినవి ఆ వ్యాసంలో వేరే ఉన్నాయి, వాక్యం చివర చుక్క లేదు.

ఈ చిత్రానికి 2019లో రెండవ భాగం, 2021లో మరి రెండు వచ్చాయట. నేనింకా చూడలేదు. చూచినవారెవరైనా ఉంటే, ఆ సుసాన్‌కు న్యాయం జరిగిందో లేదో తెలియజేయగలరు.