సాగిన యుద్ధం, ఆగిన యుద్ధం

జహీరాబాదులో కూర్చుని ఫ్రాన్సు దేశపు కందకాలను గురించి వ్రాయటమేమిటని మీరు నవ్వవచ్చు. నవ్వండి. కాని మా ఊరి మీదుగా 1948లో ఒక యుద్ధం ఎక్కడా ఆగకుండా వెళ్ళిపోయింది. అంతకు 32 ఏళ్ళ ముందు, సికిందరాబాదు పేరు పెట్టుకున్న గుర్రపుదళం ఒకటి ఫ్రాన్సులో ఒక చిన్న అడవి దగ్గర ఆగిపోయింది. అది ఎందుకు సాగింది, ఇది ఎందుకు ఆగింది అన్నదే ఈ వారం ముచ్చట.

ముందు మా ఊరి సంగతి చెబుతాను. 1948 సెప్టెంబరు 13న భారత సేనలు షోలాపూరు వైపు నుంచి నైజాము రాజ్యంలోకి దిగాయి. 16న తెల్లవారుతూనే ఒక దండు జహీరాబాదు కేసి కదిలింది. దారిలో మందుపాతరలు, వాటిని తీసివేయటానికి కొంత ఆలస్యమైంది. బీదరు రోడ్డు కలిసేచోట పొంచి ఉన్నవాళ్ళు కాల్పులు జరిపారు. దండు ఏం చేసింది? వాళ్ళ సంగతి చూడమని కొందరిని అక్కడ వదిలి, తక్కినదంతా ముందుకు పోయింది. చీకటి పడేసరికి మా ఊరు దాటి 15 కిలోమీటర్లు వెళ్ళింది. మర్నాడు సాయంత్రానికి కాల్పుల విరమణ, 18న లొంగుబాటు.

అడ్డగించినవాడిని ప్రక్కన వదిలి పోవటానికి ఆ దండుకు చోటున్నది. ఎక్కడానికి మోటారు బండ్లున్నాయి. ఎదుటివాడికి వెనక నుంచి పిలిపించుకోవటానికి చాలినంత సైన్యం లేదు. ఈ మూడూ గుర్తుంచుకోండి.

ఇక ఫ్రాన్సుకు పోదాం. 1914 శరదృతువులో జర్మనులు ఒకవైపు, ఫ్రెంచివారూ ఇంగ్లీషువారూ ఒకవైపు, ఒకరి ప్రక్క నుంచి ఒకరు చుట్టిరావాలని ఉత్తరానికి జరుగుతూ జరుగుతూ పోయారు. చివరకు సముద్రం అడ్డం వచ్చింది. స్విట్జర్లాండు సరిహద్దు నుంచి సముద్రం దాకా సుమారు 700 కిలోమీటర్లు కందకాలే. చుట్టి వెళ్ళటానికి ప్రక్క అనేదే లేకుండా పోయింది. ఎదురుగా పోవలసిందే. ఎదురుగా ముళ్ళతీగ, దాని వెనక మరతుపాకులు.

ఇంతవరకూ చాలామందికి తెలుసు. అయితే కందకాన్ని ఛేదించటం అసాధ్యమేమీ కాదు! 1915 మార్చి 10న న్యూవ్ షాపెల్ అనే పల్లె దగ్గర మన భారత సైనికులూ, ఇంగ్లీషు సైనికులూ కలిసి, 35 నిమిషాలు ఫిరంగులు మోగగానే దూకి, ఆ పూటే పల్లెను పట్టుకున్నారు. చిక్కంతా ఆ తరువాతనే వచ్చింది. ఫిరంగి గుళ్ళకు టెలిఫోను తీగలు తెగిపోయాయి. ముందున్నవాడు గెలిచాడో చచ్చాడో వెనకనున్న సేనాధిపతికి తెలియదు. కబురు మనిషి పరుగెత్తుకు రావాలి, ఉత్తర్వు మళ్ళీ పరుగెత్తుకు పోవాలి. ఈలోగా జర్మనులు కొత్త సైన్యాన్ని తెచ్చుకున్నారు. మూడు రోజుల్లో దాడి ఆగిపోయింది.

నల్లరేగడిలో వాన కురిసిన మర్నాడు చెరకు బండి తోలినవాడికి ఇది చెప్పనక్కరలేదు. దాడి చేసేవాడు ఆ చేనులో బండి తోలేవాడు. రక్షించుకొనేవాడికి వెనక రైలున్నది, చెడని రోడ్డున్నది. పైగా, తలుపు తెరవటానికి ప్రయోగించిన ఫిరంగులే గడప ముందరి నేలను గుంటలుగా త్రవ్విపెట్టాయి. ఎంత గట్టిగా కొడితే దారి అంతగా పాడవుతుంది.

ఇప్పుడు ఆ అడవి సంగతి. 1916 జూలై 14న, సోమ్ యుద్ధంలో, ఇంగ్లీషువారు తెల్లవారుజామున జర్మను కందకాలు పట్టుకున్నారు. ఎదుట హైవుడ్ అనే అడవి దాదాపు ఖాళీగా ఉన్నది. గుర్రపుదళాన్ని రమ్మన్నారు. సికిందరాబాదు బ్రిగేడులోని దక్కన్ హార్స్ ఆ గుంటలూ కందకాలూ దాటుకుంటూ వచ్చేసరికి పొద్దు గూకవచ్చింది. ఈలోగా జర్మనులు అడవిలోకి తిరిగి వచ్చారు. మనవాళ్ళు బల్లేలతో చేలల్లోనుంచి దౌడు తీశారు, కొందరిని పొడిచారు, కొందరిని పట్టుకున్నారు. మర్నాడు తెల్లవారకముందే వాళ్ళను వెనక్కు పిలిచారు. పొద్దున ఖాళీగా ఉన్న ఆ అడవిని పూర్తిగా పట్టుకోవటానికి సెప్టెంబరు 15 దాకా, అంటే రెండు నెలలు పట్టింది.

యుద్ధరంగంలో మొట్టమొదటి ట్యాంకులు కనిపించింది కూడా ఆ రోజే. గొలుసు చక్రాల ట్రాక్టరును చూచి పుట్టిన ఆలోచన అది. ఈనాడు ట్రాక్టర్లు తయారయ్యే మా ఊరివాళ్ళు వినదగిన ముచ్చట. అయితే అవి ఆనాడే అద్భుతమేమీ చేయలేదు. చాలా భాగం దారిలోనే చెడిపోయి నిలిచాయి. సోమ్ యుద్ధం నాలుగున్నర నెలలు సాగింది. ఇరుప్రక్కలా కలిపి పది లక్షల మందికి పైగా చచ్చారు, గాయపడ్డారు, లేదా చిక్కారు. ముందుకు జరిగింది మహా అయితే పది కిలోమీటర్లు. జహీరాబాదులో బయలుదేరితే కోహీరు కూడా రాదు!

సేనాధిపతులందరూ మూర్ఖులే అని కొట్టిపారేయటం సులువు. కాని ప్రతిసారీ పొద్దున తలుపు కాస్త తెరుచుకున్నట్లే ఉండేది. ఇంకొక్క త్రోపు త్రోస్తే చాలుననిపించేది. ఆ ఆశే లక్షలమందిని మింగింది. అసలు తెరుచుకోకపోతే ముందే మానుకొనేవారు కాబోలు!

ఇదంతా పాతకథ అనుకోకండి. 2023 నవంబరులో ఉక్రెయిన్ సేనాధిపతి జలూజ్నీ, మొదటి ప్రపంచ యుద్ధంలోలాగే తామూ ప్రతిష్టంభనలో పడ్డామని చెప్పారు. ఆకాశంలో డ్రోన్లు తిరుగుతూంటే ఎవడు ఎక్కడ గుమికూడినా ఎదుటివాడికి ఇట్టే తెలిసిపోతుంది. మళ్ళీ కందకాలే గతి.

అయిదు రోజుల్లో ముగిసిన యుద్ధం మేలైనదని మాత్రం నేననను. 1948లో ఆ అయిదు రోజులకు ముందు రజాకార్ల చేతా, తరువాత ప్రతీకారాలకూ చచ్చిన జనం ఎందరో. వాళ్ళలో ఎందరికో రాతి ఫలకాలైనా లేవు. న్యూవ్ షాపెల్‌లో 1927లో కట్టిన స్మారకం మీద, సమాధి కూడా దొరకని భారత సైనికుల పేర్లు నాలుగువేల ఏడువందలకు పైగా ఉన్నాయి. వాళ్ళు ఛేదించలేకపోయారని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వాళ్ళు ఛేదించారు. వెనక నుంచి వేళకు కబురూ రాలేదు, మనిషీ రాలేదు.