ఆ గోడ మీ ఒక్కరిది కాదు

"ఈ గోడ ఏం మోస్తాదన్నా? నాలుగు సమ్మెట దెబ్బలు, అంతే." హోసూరులో బాగలూరు రోడ్డుకు అటూ ఇటూ ఉన్న వీధుల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. చెప్పేవాడు మేస్త్రి, తలూపేవాడు ఇంటి యజమాని. ఆ గోడ మోస్తున్న మిద్దె ఇద్దరి నెత్తినా ఉంటుంది. ఒక్కరూ తలెత్తి చూడరు.

విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను.

హోసూరు పాత ఇళ్లు ఎలాంటివో ఇక్కడివాళ్లకు తెలుసు. సిప్కాట్ ఫ్యాక్టరీల్లో ఉద్యోగం దొరికిన ధైర్యంతో అప్పు చేసి కట్టుకున్న ఇళ్లు. చాలావాటికి పిల్లర్లు లేవు. చుట్టూ 9 అంగుళాల ఇటుక గోడ, నడుమ ఒకటో రెండో అడ్డగోడలు, పైన మోల్డు. అక్కడ గోడంటే గదికీ గదికీ మధ్య తెర కాదు, ఇంటికి అదే కాలు. ఒక కుటుంబానికీ ఒక అంతస్తుకూ సరిపోయేలా కట్టిన ఆ ఇళ్లను ఇవాళ ఏం చేస్తున్నాం? ఊరు 2019లో కార్పొరేషన్ అయింది. పోచంపల్లి దగ్గర స్కూటర్ల ఫ్యాక్టరీ వచ్చింది, కెలమంగలం వైపు ఫోన్ల విడిభాగాల ఫ్యాక్టరీ వచ్చింది. అద్దెలు పెరిగాయి. వీధివైపు గోడ మొత్తం తీసి షట్టరు పెడితే అంగడి. పైన ఇంకో అంతస్తు లేపితే పని కోసం వచ్చే పిల్లలకు గదులు. ఈశాన్యం మూసుకుపోయిందని వాస్తు చూసే పెద్దమనిషి ఒక గోడకు గీత పెట్టిపోతాడు. యూట్యూబులో చూసిన ఓపెన్ కిచెన్ కావాలని ఇంకొకరు నడిమి గోడకు గురిపెడతారు. పై అంతస్తు వేసింది మోసే గోడలను నమ్మి, పడగొట్టేది ఆ గోడలనే!

లెక్క చూడండి. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న గది మీద 5 అంగుళాల కాంక్రీటు మిద్దె బరువు సుమారు మూడున్నర టన్నులు. మనుషులు, మంచాలు, నీళ్ల ట్యాంకు, పై అంతస్తు గోడలు ఇందులో లేవు. పక్కపక్కన రెండు సమానమైన గదులుండి, నడిమి గోడ మీదుగా ఒకే మిద్దె పరిచి ఉంటే ఆ గోడ మోసేది సగమే అనుకుంటాం. సగం కాదు. ఎనిమిదింట ఐదు వంతులు దాని మీదే పడతాయి. చివరి రెండు గోడలూ కలిసి పంచుకునేది మిగిలిన మూడు వంతులే. ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ మోసే గోడనే పట్టుకుని "ఇది దేనికి" అని అడుగుతున్నాం.

అది పోతే మిద్దె ఒక్క ఊపున దాటాల్సిన దూరం రెండింతలవుతుంది. దూరం రెండింతలైతే మిద్దెను వంచి విరిచే బలం నాలుగింతలు, కిందికి కుంగడం పదహారింతలు. కమ్మీల సంగతి ఇంకా ఘోరం. గోడ ఉన్నంతకాలం సరిగ్గా దాని నెత్తిన మిద్దె పైభాగం సాగుతుంది, అందుకని అక్కడ కమ్మిని పైకి వంచి కడతారు. గోడ తీసిన క్షణం నుంచి అదే చోట సాగేది కింది భాగం. అక్కడ చాలినంత కమ్మి లేదు. కాంక్రీటు నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు. కట్టినాయన తప్పేమీ చేయలేదు. గోడ ఉంటుందని నమ్మి కట్టాడు, మీరు ఆ నమ్మకాన్ని పడగొట్టారు.

కృష్ణగిరి పల్లెల్లో బండలు కప్పిన ఇళ్లున్నవాళ్లు ఇంకో ఆకు ఎక్కువ భయపడాలి. మన జిల్లా రాయి దేశాలు దాటి పోతుంది, అంత గట్టిది. కానీ 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 4 అంగుళాల మందం ఉన్న ఒక్క బండ సుమారు నాలుగు వందల కిలోలు తూగుతుంది. దాని లోపల కమ్మి లేదు. గోడ మీద ఆనిన రెండు కొసలే దాని బతుకు. ఒక కొస కింద ఆనుడు పోతే అది కుంగి, పగిలి, మనకు తెలియజెప్పి పడదు. పడిపోతుంది, అంతే.

ఇక గోడ మోస్తుందో లేదో తేల్చడానికి మన ఇంటి పరీక్షలున్నాయి. తట్టి చూస్తారు. బోలుగా మోగితే ఉత్త గోడ అంటారు. ఆ మోత గారది కావచ్చు, హాలో బ్లాకుది కావచ్చు. బరువు మోస్తోందో లేదో చప్పుడు చెప్పదు. నాలుగున్నర అంగుళాల గోడ ఏమీ మోయదంటారు. మిద్దె దాని మీద వాలి ఏళ్లయి ఉంటే అదీ మోస్తుంది. అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది ఇది: "తీసి నెలయింది, ఏమైంది? ఏమీ కాలేదే." కాంక్రీటు మొండిది. నెలల తరబడి కొంచెం కొంచెంగా దిగుతూ ఓర్చుకుంటుంది. అది క్షేమం కాదు, గడువు.

ఆ గడువు ఎలా నడుస్తుందో మా చిన్నాయన ఇంట్లో చూశాను. వీధి గదిని అంగడి చేయాలని ముందు గోడ, దాని వెనక అడ్డగోడ తీయించాడు. ఇంజినీరును పిలవలేదు. మేస్త్రి నాలుగు సర్వే కట్టెలు నిలబెట్టాడు, మూడోనాడు అవీ తీసుకుని ఇంకో పనికి పోయాడు. రెండు నెలలకు పై ఇంట్లో తలుపు పట్టేసింది. వానాకాలం కదా, చెక్క ఉబ్బిందన్నారు. వడ్ల ఆచారి వచ్చి రంధా పట్టాడు. మళ్లీ పట్టేసింది. మళ్లీ రంధా. మూడోసారి నేనక్కడే ఉన్నాను. చెక్కపొట్టు నేలంతా పడి ఉంది. తలుపు మూల నుంచి పై మూలకు గారలో ఏటవాలుగా పగులు ఒకటి పారుతోంది. దాని మీద అంతకుముందే సున్నం కొట్టారు. ఇల్లు నోరు తెరిచి చెబుతుంటే నోటికి సున్నం పూశాం.

తలుపులు పట్టేయడం, కిటికీ అద్దం దానంతటదే చిట్లడం, ఏటవాలు పగుళ్లు, పైనుంచి సన్నగా పొడి రాలడం, నేల మీద టైల్సు లేచి నిలబడటం. ఇవి కనిపిస్తే రంగులవాణ్ణి పిలవకండి. ఇల్లు ఖాళీ చేయండి.

"నా ఇల్లు, నా డబ్బు, నా ఇష్టం." ఈ మాటకే నా జవాబు. ఇల్లు మీదే. గోడ మాత్రం మీ ఒక్కరిది కాదు. 2017 జూలై 25న ముంబై ఘాట్కోపర్‌లో నాలుగంతస్తుల భవనం కూలి 17 మంది చనిపోయారు. కింది అంతస్తులో మరమ్మతుల పేరిట స్తంభాలను కదిలించారన్నది పోలీసుల ఆరోపణ. పైన ఉన్నవాళ్లు ఆ మరమ్మతులు చేయించలేదు. 2022 ఫిబ్రవరిలో గురుగ్రామ్‌లో ఆరో అంతస్తు ఫ్లాటులో మరమ్మతులు జరుగుతుండగా నేల కూలి, కింది అంతస్తులను ఒక్కొక్కటిగా తీసుకుపోయింది. ఇద్దరు స్త్రీలు చనిపోయారు. 1968 మే 16న లండన్ రోనన్ పాయింట్‌లో 18వ అంతస్తు వంటింట్లో గ్యాసు పేలి, బరువు మోసే గోడ పలక ఊడిపోయింది. 22 అంతస్తుల భవనానికి ఒక మూల మొత్తం జారిపోయింది, నలుగురు పోయారు. ఒక వంటింటి గోడ ఎంతమందిని మోస్తుందో అక్కడి ప్రభుత్వం దాంతో నేర్చుకుని నిబంధనలు మార్చింది.

ఇక ఆ గోడ కింద నిలబడి సమ్మెట ఎత్తేది ఎవరు? రోజు కూలీ. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కట్టుబడిలో ఉన్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. అది గోడ తీసిన కథ కాదు, తెలుసు. కానీ ఆ శిథిలాల కింద నుంచి తీసిన శవాల్లో చాలా శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లకు వెళ్లాయి. నక్షా ఆ కూలీలు గీయలేదు, సంతకం వాళ్లు పెట్టలేదు. తమిళనాట కూలిన ఇంటికి మన తెలుగు పల్లె ఏడ్చింది. రేపు మీ నడిమి గోడ కింద ఉండేవాడు కూడా అలాంటి ఏదో ఊరి బిడ్డే.

మేస్త్రుల చేతిపనిని నేను తక్కువ చేయను. ఇటుక మీద ఇటుక నిలువుగా పేర్చడం వాళ్లకు తెలిసినంత నాకు తెలియదు. అయితే కట్టడం వేరు, కట్టినదాన్ని మధ్యలోంచి తీయడం వేరు. ఇల్లు చూడకుండా ఫోటో చూసి సంతకం పెట్టే ఇంజినీర్లను మాత్రం క్షమించలేను.

తీయకూడదని కాదు, తీయొచ్చు. స్ట్రక్చరల్ ఇంజినీరు ఇంటికి రావాలి. పైన ఏముందో, కమ్మి ఎటు పోతోందో, పునాది ఎంత లోతో చూడాలి. గోడకు రెండు వైపులా ఇనుప జాకీలు వరసగా నిలబెట్టాలి, వాటి అడుగున మందపాటి పలకలుండాలి. టైల్సు మీద కాదు, గట్టి నేల మీద. అప్పుడు గోడ తీసి ఇనుప గర్డరు ఎక్కించాలి. దానికీ మిద్దెకూ మధ్య ఖాళీని గట్టిగా కూరాలి. లేకపోతే ఆ సందు నిండేదాకా మిద్దె దిగుతుంది. ఇంతకాలం గోడ పొడవునా పరుచుకున్న బరువు ఇప్పుడు రెండు చోట్లే నిలబడుతుంది, కాబట్టి ఆ రెండు చోట్లా పునాదిని చూడాలి. గర్డరు కింద నిలిపేవి కాంక్రీటు కాళ్లయితే అవి పూర్తిగా బలం పుంజుకునేదాకా జాకీలు కదలకూడదు. ఇందుకయ్యే ఫీజు మీ వంటగట్టు గ్రానైటు ఖర్చు పక్కన పెట్టి చూసుకోండి.

చిన్నాయన ఇంట్లో చివరికి అదంతా చేశారు. జాకీలు ఎక్కించే రోజు పై ఇంటివాళ్లను ఖాళీ చేయించారు. అద్దెకున్న ఆమె ఇద్దరు పిల్లల్ని, ఒక పరుపును పట్టుకుని మెట్లు దిగింది. కింద అంగడి గదిలో పైకి చూసింది. గోడ లేని చోట మిద్దె కడుపు కిందికి ఉబ్బి ఉంది. సరిగ్గా దాని పైనే వాళ్లు పడుకునే గది.

"గోడ తీస్తామని ముందే ఒక్క మాట చెప్పుంటే, పిల్లోళ్లను మా అమ్మ కాడికి పంపుకునేదాన్ని కదన్నా," అంది.

చిన్నాయన తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను.