పిట్టకు విందు... తేనెటీగకు మందా?

"అత్తయ్యా, ఆ తలుపు తీయకండి. పెరడంతా తేనెటీగలే!" అంటూ మా అల్లుడు పరుగున వచ్చి అద్దాల తలుపు మూసేశాడు.

2023 ఆగస్టు నెల. టెక్సాస్‌లో డాలస్‌కు దగ్గర్లో మా అమ్మాయి వాళ్లిల్లు. పెరట్లో వేలాడదీసిన ఎర్ర సీసా కనిపించడం లేదు. దాని చుట్టూ తేనెటీగలు గుత్తులుగా పట్టేసి ఉన్నాయి. పాపం ఆ సీసా ఎవరికోసం కట్టామో ఆ పిట్ట మాత్రం దూరంగా గాలిలో నిలబడి, అటూ ఇటూ చూసి వెళ్లిపోయింది.

ఆ పిట్ట పేరు హమ్మింగ్ బర్డ్. మన దేశంలో ఉండదు. అమెరికా ఖండాల్లోనే ఉంటుంది. మన మందార చెట్టు మీద వాలే తేనెపిట్టను చూసి చాలామంది ఇదే అది అనుకుంటారు గానీ, రెండూ వేరు వేరు జాతులు. మా అమ్మాయి పెరట్లోకి వచ్చే రకం బరువు మూడు గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. క్షణానికి యాభైసార్లకు పైగా రెక్కలాడిస్తూ పువ్వు ముందు గాలిలోనే ఆగి తేనె తాగుతుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చలికాలం గడపడానికి మెక్సికో, మధ్య అమెరికా వైపు బయల్దేరుతుంది. అంత ప్రయాణానికి ముందు ఒళ్లు చేసుకోవాలి కదా! అందుకే అక్కడివాళ్లు ఇలా పంచదార నీళ్ల సీసాలు కడతారు. వాటినే ఫీడర్లంటారు.

పిల్లల దగ్గర ఆరు నెలలుండి వచ్చిన తల్లులకు చెప్పక్కర్లేదు. పొద్దున ఎనిమిదింటికల్లా ఇల్లు ఖాళీ. వీధిలో మనిషి కనబడడు. అలాంటి పగళ్లలో నాకు తోడు ఆ పిట్టే. రోజూ సాయంత్రం నేనూ మా మనవరాలూ ఒక గ్లాసు పంచదారకు నాలుగు గ్లాసుల నీళ్లు కొలిచి పోసేవాళ్లం. "అమ్మమ్మా, పిట్టకి పానకం రెడీ!" అనేది అది. నేనోసారి బెల్లం వేద్దామంటే మా అమ్మాయి వద్దంది. బెల్లంలోని ఇనుము పిట్టకు మంచిది కాదట. తేనె కలిపినా తొందరగా బూజు పడుతుందట. ఎర్ర రంగు కూడా అక్కర్లేదు. ఉత్త తెల్ల పంచదారే.

ఇక ఆ రోజు సంగతి. పురుగుల మందు కొట్టేవాళ్లకు ఫోన్ చేస్తానన్నాడు అల్లుడు. పక్కింటాయన తన దగ్గరున్న స్ప్రే డబ్బా తెచ్చిస్తానన్నాడు. ఇంకెవరో సీసా రంధ్రాల చుట్టూ నూనె రాయమన్నారు. నేను వద్దన్నాను. "చిన్నపిల్ల ఉన్న ఇల్లు అత్తయ్యా" అన్నాడు అల్లుడు.

అతని భయం తీసిపారేసేది కాదు. ఆఫ్రికా సంకర జాతి తేనెటీగలు 1990లో మెక్సికో వైపు నుంచి టెక్సాస్‌లోకి వచ్చాయి. వాటి తుట్టె జోలికి వెళితే గుంపుగా వెంటపడి కుడతాయి. పైగా కొందరి ఒంటికి తేనెటీగ కాటు పడదు. ఒక్కటి కుట్టినా ప్రాణం మీదికి రావచ్చు. అలాంటివాళ్లు ఇంట్లో ఉంటే ఫీడర్ తీసేయడమే మంచిది. అందులో వాదన లేదు.

కానీ తేనెటీగ తన తుట్టెను కాపాడుకునేటప్పుడు ఒకలా ఉంటుంది, తిండికోసం వచ్చినప్పుడు ఇంకోలా ఉంటుంది. ఫీడర్ దగ్గర అది కాపాడుకోవాల్సిన ఇల్లు లేదు, పిల్లలు లేవు. చేత్తో నొక్కితేనో, కాలికింద పడితేనో తప్ప సాధారణంగా కుట్టదు. ఆకలితో వచ్చినదాన్ని దాడికి వచ్చినదానిలా చూడడం ఏం న్యాయం?

అసలవి ఎందుకొచ్చాయి? టెక్సాస్‌లో ఆగస్టు ఎండలు మన మే నెలను తలపిస్తాయి. పువ్వులు మాడిపోతాయి. ఆ కాలనీలో ఏ ఇల్లు చూసినా గీసినట్టు కత్తిరించిన పచ్చగడ్డి. చూపుకు బాగుంటుంది గానీ, దాంట్లో తేనెటీగకు చుక్క తేనె దొరకదు. అలాంటప్పుడు మనం సీసా నిండా తీపి నీళ్లు కట్టాం. ఎండకు సీసాలో గాలి వ్యాకోచించి నీళ్లు బొట్లుబొట్లుగా కారాయి. ఒక్క తేనెటీగ చూస్తే చాలు, తుట్టెకు వెళ్లి నాట్యం చేసి, తిండి ఏ దిక్కున ఎంత దూరంలో ఉందో మిగతావాటికి చెప్పేస్తుంది. ఈ నాట్యభాషను విప్పిన కార్ల్ వాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతిలో భాగం కూడా దక్కింది.

వంటింట్లో పంచదార ఒలకబోసి చీమలొచ్చాయని చీమల్ని తిడితే ఎలా ఉంటుంది? ఇదీ అంతే.

మందు కొడితే ఏమవుతుందో కూడా ఆలోచించాలి. వచ్చినవి చస్తాయి. మందు అంటినవి తుట్టెకు చేరితే అక్కడా నష్టమే. అంతటితో ఆగదు. హమ్మింగ్ బర్డ్ ఉత్త తీపి నీళ్లతో బతకదు. చిన్న చిన్న దోమలు, పురుగులు, సాలీళ్లు కూడా దాని తిండే. పిల్లలకు పెట్టేదీ ఎక్కువగా అవే. ఒక చేత్తో పిట్టకు పానకం పోసి, రెండో చేత్తో దాని అన్నంలో విషం కలిపినట్టు కాదూ? నూనె సంగతీ అంతే. ఈకలకు అంటితే ఆ పిట్టకు ఎగరడమే కష్టం.

సరే, మేమేం చేశాం? చీకటి పడ్డాక, ఈగలన్నీ వెళ్లిపోయాక ఫీడర్ తీసి వేడినీళ్లతో కడిగాం. రెండు రోజులు కట్టలేదు. తర్వాత సీసా రకం మానేసి, మూతకు రంధ్రాలుండే పళ్లెం లాంటిది తెచ్చారు. అందులో నీళ్లు రంధ్రానికి బాగా కిందుగా ఉంటాయి. పిట్ట నాలుక పొడుగు కాబట్టి అందుతుంది. తేనెటీగ నాలుక ఆరేడు మిల్లీమీటర్లే, అందదు. పైగా కారదు. పసుపు రంగు ప్లాస్టిక్ పువ్వులున్నవి కొనవద్దన్నాను. పసుపు వాటిని పిలుస్తుంది, ఎరుపు వాటికి సరిగా కనబడదు. పంచదార కాస్త తగ్గించి, గ్లాసుకు ఐదు గ్లాసుల నీళ్లు పోశాం. చోటు మార్చి నీడలో కట్టాం. పాత చోటుకు వచ్చిన తేనెటీగలు వెతికి వెతికి తగ్గిపోయాయి. పిట్ట మాత్రం మర్నాడే కొత్త చోటు కనిపెట్టేసింది.

ఇంతవరకూ చేసి ఊరుకుంటే సగం పనే. పిట్టను దక్కించుకున్నాం, తేనెటీగ ఆకలి మాటేమిటి? చూడ్డానికి ముచ్చటగా ఉన్న చుట్టానికి విస్తరి వేసి, ఆకలిగా ఉన్న చుట్టాన్ని గుమ్మంలోంచే పంపేసే పద్ధతి మనింటా వంటా లేదు కదా! అందుకే గడ్డి కొంత తీయించి మొక్కలు పెట్టించాను. టర్క్స్ క్యాప్ అని టెక్సాస్ మొక్క ఒకటుంది. మన మందార కుటుంబమే. ఎర్ర పువ్వు పూర్తిగా విప్పుకోదు. ఆ ఎండల్లోనూ పూస్తుంది, హమ్మింగ్ బర్డ్‌కు మహా ఇష్టం. తేనెటీగలకు తులసి. మనం వెన్నులు తుంచేస్తూ ఉంటాం గానీ, ఒక కుండీలో వదిలేసి చూడండి, పొద్దున్నే వచ్చి వాలతాయి. పుదీనా పువ్వయినా అంతే.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అంటారా? మన ఊళ్లలో అపార్టుమెంటు బాల్కనీకి తేనెపట్టు కడితే ఏం చేస్తున్నాం? రాత్రిపూట మనిషిని పిలిచి కాల్పిస్తున్నాం, లేదా మందు కొట్టిస్తున్నాం. పట్టు దగ్గర ప్రమాదం ఉన్న మాట నిజమే, పిల్లల్ని అటు పోనివ్వకూడదు. కానీ చంపకుండా తప్పించే పనితెలిసిన వాళ్లున్నారు. వాళ్లను పిలిపించమని అసోసియేషన్ మీటింగులో అడగాల్సింది మనమే. "మందు కొట్టిస్తే పోలా" అనే మాట ఎవరైనా అంటే, మన వంటింట్లోకి వచ్చే దోసకాయ, గుమ్మడికాయ కాయాలంటే పువ్వు మీద ఈగ వాలాల్సిందేనని గుర్తు చేయాల్సిందీ మనమే.

మొన్న ఫోన్‌లో మా మనవరాలు చెప్పింది. "అమ్మమ్మా, తులసి మీద ఇవాళ తొమ్మిది బీస్ ఉన్నాయి, నేను దగ్గర కూచుని లెక్కపెట్టాను" అని. అల్లుడు పక్కనే ఉన్నాడట. తలుపు మూయలేదట.