తెర మీది వేషం కాదు, పాలన చిట్టా చూడాలి

సినిమా తార ఎన్నికల బరిలో దిగిన ప్రతిసారీ మన విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లో చర్చ రెండు శిబిరాలుగా చీలిపోతుంది. అభిమాని ఆయన పోషించిన పాత్రలను చూపుతాడు, ప్రత్యర్థి ఆయన పుట్టిన కులాన్ని చూపుతాడు. అధికారంలో ఉండగా ఆయన ఇచ్చిన ఉత్తర్వులేమిటో, వాటి కోసం ఎంతవరకు నిలబడ్డారో ఎవరూ అడగరు. కుల సమాజంలో పాలకుడిని తూచవలసిన తూనిక మాత్రం అదే. ఈ తూనికకు ఎన్.టి. రామారావు పాలనను మించిన ఉదాహరణ తెలుగువారికి లేదు.

1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయిన వ్యక్తి ఆయన. రెండు రూపాయలకే కిలో బియ్యం పథకం అందరికీ గుర్తుంది. కుల దృష్టితో చూస్తే అంతకన్నా లోతైన నిర్ణయం 1984 నాటి గ్రామాధికారుల పదవుల రద్దు. ఆంధ్ర ప్రాంతంలో కరణం, మునసబు, తెలంగాణలో పటేల్, పట్వారీ ఊరి భూమి లెక్కలనూ శిస్తునూ చేతిలో పెట్టుకుని తరతరాలుగా పెత్తనం చేశారు. ఆ పదవులు అత్యధికంగా అగ్రకులాలవి. పదవులు పోయినవారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ప్రభుత్వం తన నిర్ణయాన్ని గట్టిగా సమర్థించుకుని 1985లో గెలిచింది. ఇది చిట్టాలో జమ.

తర్వాతి పుట 1986. మురళీధరరావు కమిషన్ సిఫార్సుల ఆధారంగా వెనుకబడిన తరగతుల రిజర్వేషన్లను 25 నుంచి 44 శాతానికి పెంచారు. ఎస్సీ, ఎస్టీ కోటాలతో కలిపి అవి 65 శాతానికి చేరాయి. అగ్రకుల విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ఆ ఏడాదే హైకోర్టు ఆ పెంపును కొట్టివేసింది. కరణాల విషయంలో సుప్రీంకోర్టులో అంత పట్టుదల చూపిన ప్రభుత్వం ఈసారి అప్పీలుకే వెళ్లలేదు. స్థానిక సంస్థల్లో బీసీలకు 20 శాతం కోటా కల్పించిన ప్రభుత్వమే చదువులు, ఉద్యోగాల దగ్గరకు వచ్చేసరికి ఎందుకు వెనకడుగు వేసింది? ఉత్తర్వు ఇవ్వడం ఒక పరీక్ష, ఎదురుదెబ్బ తగిలాక దాని వెంట నిలబడడం మరో పరీక్ష.

అన్నిటికన్నా కఠినమైన పరీక్ష 1985 జూలై 17న కారంచేడులో ఎదురైంది. పశువులను కడిగి మంచినీటి చెరువును పాడుచేయడంపై రేగిన తగాదా చివరికి ఆరుగురు మాదిగల హత్యకు దారితీసింది. దాడి చేసినవారు ముఖ్యమంత్రి సామాజిక వర్గానికే చెందిన భూస్వాములు. బాధితులు ఊరు వదిలి చీరాలలో తలదాచుకున్నారు. ఆ శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. చీరాలలో పునరావాసం కూడా ఉద్యమం సాధించుకున్నదే తప్ప పాలకుల దయ కాదు. సుప్రీంకోర్టు తుది తీర్పు వచ్చేసరికి 2008 అయింది. ఆ 23 ఏళ్ల జాప్యాన్ని ఒక్క ప్రభుత్వం మీదే మోపలేం. కానీ పాలకుడి సొంత కులం ముద్దాయిగా నిలిచిన క్షణంలో దళితులకు రాజ్యం మీద నమ్మకం కుదరకపోవడం ఆయన పాలన మీది మచ్చే.

‘పార్టీని నిలబెట్టిన భూస్వామ్య వర్గాన్ని కాదని ఒక్క మనిషి ఏం చేయగలడు?’ అని అనేవారున్నారు. ఈ వాదనలో కొంత నిజముంది. అయితే కరణాల పెత్తనాన్ని తొలగించినప్పుడు ఆ ఒక్క మనిషి సాహసాన్నే మనం కీర్తించాం. ఘనతను వ్యక్తికి, వైఫల్యాన్ని వ్యవస్థకు పంచే లెక్క చెల్లదు. కారంచేడును చూపి గ్రామాధికారుల రద్దును తుడిచేయడమూ అంతే తప్పు. జమను, ఖర్చును ఒకే పుటలో రాసుకోవాలి.

ఇలా రాసుకుంటే ఒక సంగతి బయటపడుతుంది. తన మద్దతుదారులు పెద్దగా నష్టపోని చోట సంస్కరణ వేగంగా సాగింది, వారి ప్రయోజనం అడ్డువచ్చిన చోట ఆగిపోయింది. రేపు ఏ తార వచ్చినా, ఏ కులం నుంచి వచ్చినా, విద్యార్థులు అడగవలసినవి మూడు ప్రశ్నలు. ఏ ఉత్తర్వు ఇచ్చారు? దాని కోసం ఎంతదాకా పోరాడారు? సొంతవారు నేరం చేసిన రోజున ఎవరి పక్కన నిలిచారు? జవాబులు సినిమా రీళ్లలో దొరకవు. జీవోల్లో, కోర్టు తీర్పుల్లో, చీరాల వాడల్లో దొరుకుతాయి.