ఆటల పండుగకు కోట్లు.. వాడ పిల్లలకు జాగా ఏది?

స్వాతి నక్షత్రం రోజు తెల్లవారకముందే యాదగిరిగుట్ట చుట్టూ గిరి ప్రదక్షిణకు జనం బయల్దేరుతారు. చాలామంది కాళ్లకు చెప్పులుండవు. వాళ్లను నడిపించడానికి ఏ ఒలింపిక్సూ రాలేదు. నడవడానికి దారి ఉంది, నెలకో రోజు ఉంది, పక్కన నడిచే మనిషి ఉన్నాడు. పెద్ద క్రీడోత్సవాలు జరిగితే జనమంతా ఆటల బాట పడతారనే వాదన విన్నప్పుడల్లా మాకు ఈ దారే గుర్తొస్తుంది.

ఆ వాదన మళ్లీ మొదలైంది. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు ఖరారయ్యాయి. 2036 ఒలింపిక్స్ కోసం దేశం పోటీ పడుతోంది. అందులో కొన్ని పోటీలు హైదరాబాద్‌కు ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం కేంద్రాన్ని అడిగింది. లండన్ కూడా ఇదే మాట చెప్పి 2012 ఒలింపిక్స్ దక్కించుకుంది. పది లక్షల మందిని కొత్తగా ఆటల్లోకి తెస్తామన్న లక్ష్యాన్ని అక్కడి ప్రభుత్వం 2011లోనే, అంటే క్రీడలు మొదలవకముందే, పక్కన పెట్టేసింది. మన హైదరాబాద్‌లో 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలు జరిగాయి. గచ్చిబౌలిలో స్టేడియాలు లేచాయి. అక్కడి స్పోర్ట్స్ విలేజ్ భవనం 2020లో కోవిడ్ ఆస్పత్రి అయింది. అది మంచి పనే, కాదనం. ఆ మూడు పండుగల ఆనవాలు గుట్ట కింది పల్లెల్లో మాత్రం మాకు కనబడలేదు.

దళితులకు ఈ లెక్క ఇంకా చేదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలకు ఎస్సీ ఉప ప్రణాళిక నుంచి దాదాపు 744 కోట్ల రూపాయలు మళ్లించారని సమాచార హక్కు కింద వచ్చిన పత్రాలతో బయటపడింది. మళ్లించడం తప్పేనని నాటి హోం మంత్రి చిదంబరం రాజ్యసభలో ఒప్పుకున్నారు. మన పిల్లల చదువుకు, మన ఇళ్లకు అందాల్సిన సొమ్ము ఆటల ఖాతాలో పడింది.

అసలు ఒళ్లు కదలని జనం ఎవరు? ఉపాధి హామీలో మట్టి మోసే మా అమ్మలకు, హమాలీ అన్నలకు ఒంటి కష్టానికి కొదవ లేదు. కొదవంతా ఆటకే. ఆడాలంటే తీరిక ఉండాలి, కడుపు నిండాలి, గ్రౌండ్‌లోకి పోతే ‘ఏ వాడోళ్లు మీరు’ అని అడిగేవాళ్లు ఉండొద్దు. 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలన్నారు. బోర్డులు, కంబాలు వచ్చాయి. చాలాచోట్ల ఆడించే మనిషే రాలేదు.

పనిచేసిన దారి మన పక్కనే ఉంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ తాడు పట్టుకొని ఎక్కడం నేర్చుకున్నది భువనగిరి రాతిగుట్ట మీదే. ఒకరు గిరిజన బిడ్డ, ఒకరు దళిత బిడ్డ. పూర్ణకు అప్పటికి 13 ఏళ్లు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. హాస్టల్ తిండి, బూట్లు, నేర్పే గురువు, నెలల తరబడి శిక్షణ.. ఇవన్నీ ప్రభుత్వ ఖర్చుతోనే అందాయి.

గెలుపు చూస్తే ఉత్సాహం రాదని మేం అనం. పారిస్ పారాలింపిక్స్‌లో కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి కాంస్యం తెచ్చిన రోజు మేమూ గంతులేశాం. ఆ ఉత్సాహంతో తెల్లారి పరిగెత్తాలనుకున్న పిల్ల ఎక్కడికి పోవాలి?

అందుకే ఒలింపిక్స్ అడిగే ముందు ప్రభుత్వం రెండు సంగతులు రాసివ్వాలి. 2017 ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింది సొమ్ములో ఒక్క రూపాయి కూడా స్టేడియాలకు పోదని. యాదగిరిగుట్ట మండలంలో ప్రతి ఎస్సీ వాడకు నడిచిపోయేంత దూరంలో జాగా, లైట్లు, ఆడపిల్లలను ఆడించే పీఈటీ ఏ తేదీకల్లా వస్తారో.