తాలీం లేని ఖానా

మోచేయి అనగానే తెలుగువానికి రెండు జాతీయాలు స్ఫురిస్తాయి. ఒకరి మోచేతి నీళ్ళు త్రాగడం పరాధీనతకు గుర్తు. మోచేతికి రాసిన బెల్లం అందని ఆశకు గుర్తు. ఈ రెండింటితో సంబంధం లేని మూడవ సంగతి ఒకటి మన విద్యార్థులకు నేడు తెలియవలసి ఉన్నది. బల్లపై వెల్లకిల పరుండి ఇనుపకడ్డీని రొమ్ము మీదికి దించి, తిరిగి పైకి నెట్టే బెంచ్ ప్రెస్ అనే వ్యాయామంలో మోచేయి ఎక్కడ ఉండాలి? తెలుగు పంతులుకు ఈ ఇనుప గొడవ ఏల అని మిత్రులు నవ్వవచ్చు. నవ్వనీయండి.

కర్నూలులోనూ కడపలోనూ నేడు జిమ్ములకు కొదువ లేదు. సాయంకాలం తొంగి చూచినవారికి ఒకే దృశ్యం కనిపిస్తుంది. కుర్రవాడు మోచేతులను భుజాలకు సమరేఖలో, రెక్కలు విప్పిన గద్దవలె చాచి, కడ్డీని మెడ దాపునకు దించుతాడు. ప్రక్కనున్న స్నేహితుడు “ఇంకొకటి, ఇంకొకటి” అని కేకలు వేస్తాడు. బరువు లేచింది గనుక పద్ధతి సరియైనదే అని ఇద్దరూ అనుకుంటారు. నా అభ్యంతరం సరిగా ఇక్కడనే. లేచిన బరువు పద్ధతికి సాక్ష్యం కాదు.

మొండెమునకు తొంబది డిగ్రీల కోణంలో చేయి చాచి బరువు దించినప్పుడు, భుజపుటెముక తల పైనున్న ఎముక కప్పునకు చేరువై, నడుమనున్న సన్నని స్నాయువులు ఒరుసుకొనే అవకాశం ఎక్కువ. ఈ ఒరపిడి ఒక్కనాటితో తెలియదు. నెలల తరువాత చొక్కా తొడుగుకొనేటప్పుడు, పై అరలోని పుస్తకం అందుకొనేటప్పుడు తెలుస్తుంది. అట్లని మోచేతులను ప్రక్కటెముకలకు అంటగట్టుట కూడా ఔషధం కాదు. అప్పుడు భారమంతా చేతి వెనుక కండరం మీదికీ మణికట్టు మీదికీ పోతుంది. మొండెమునకు సుమారు నలుబది అయిదు మొదలు డెబ్బది డిగ్రీల వరకు గల మధ్యస్థానమే చాలామందికి క్షేమకరం. చేతి పొడవును బట్టి, పట్టు వెడల్పును బట్టి అది కొంత మారుతుంది.

కొలబద్ద లేకుండానే దీనిని పరీక్షించుకొనవచ్చు. కడ్డీ రొమ్మును తాకినప్పుడు ముంజేయి ఏ ప్రక్క నుండి చూచినా నిట్టనిలువుగా ఉండాలి. మణికట్టు సరిగా మోచేతికి పైన ఉండాలి. తాకవలసిన చోటు మెడ కాదు, రొమ్ము క్రింది భాగం. అక్కడి నుండి కడ్డీ కొంచెం ఏటవాలుగా వెనుకకు సాగి భుజాలకు ఎగువన నిలుస్తుంది. అంతకుముందే రెక్కల ఎముకలు రెండింటినీ దగ్గరకు లాగి బల్లకు అదిమిపెట్టాలి, పాదాలు నేలపై గట్టిగా ఆనాలి. పునాది కదులుతుంటే మోచేయిని ఎంత సవరించినా ప్రయోజనం స్వల్పం.

మన పల్లెల జాతరలలో గుండు ఎత్తేవారిని చూడండి. వారికి ఈ పాఠం ఎవరూ చెప్పలేదు. మోచేతులు బయటికి పోతే గుండు జారి పడుతుంది, రాయే గురువు. దండీలు తీసే పహిల్వాను మోచేతులు కూడా ప్రక్కలకు దగ్గరగానే మడుగుతాయి. ఇనుపకడ్డీకి ఆ గుణం లేదు. తప్పు చేసినా అది కొంతకాలం ఓర్చుకొంటుంది. ఆ ఓర్పే ప్రమాదం.

అందుకే ఇనుముకు మనిషి గురువు కావాలి. మన పెద్దలు వ్యాయామశాలను తాలీంఖానా అన్నారు. తాలీం అంటే అరబ్బీలో బోధన. కండలు పెంచే చోటికి బోధనాలయమని పేరు పెట్టిన ఆ వివేకం గమనించదగినది. పాలకసంఘం వారు ఏ కళాశాలలోనైనా ముందు అద్దాలు, పిమ్మట బరువులు కొంటారు. బోధకుని మాట వచ్చేసరికి నిధులు లేవంటారు. తాలీం తీసివేయగా మిగిలేది ఖానా మాత్రమే.

పద్ధతి లేక ఒక క్రీడాంశమే అంతరించిన చరిత్ర ఉన్నది. నిలబడి బరువును తలపైకి నెట్టే ప్రెస్ అంశాన్ని 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తరువాత తొలగించారు. క్రీడాకారులు వెనుకకు ఎంతెంతో వాలుతుంటే న్యాయనిర్ణేతలు తీర్పు చెప్పలేకపోవడమే ప్రధాన కారణం. బెంచ్ ప్రెస్‌లో అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య ఆ స్థితి రానీయలేదు. చూపుడువ్రేళ్ళ నడుమ పట్టు 81 సెంటీమీటర్లు మించరాదు, బొటనవ్రేలు కడ్డీని చుట్టవలెను అన్న నిబంధనలకు తోడు, కడ్డీ దిగినప్పుడు మోచేతి అడుగుభాగం భుజం పైభాగానికి సమంగానైనా, దిగువగానైనా ఉండాలని 2023లో చేర్చింది. నడుము విల్లులాగా వంచి నాలుగు వ్రేళ్ళంత దూరం మాత్రమే కడ్డీని కదిపేవారికి ఇది కళ్ళెం. మంగళగిరి యువతి షేక్ సాదియా అల్మాస్ 2021లో ఇస్తాంబుల్ ఆసియా పోటీలలో పతకం తెచ్చినది ఈ పవర్‌లిఫ్టింగ్‌లోనే. ఆమె తండ్రి కూడా ఆ క్రీడలో ఉన్నవారే. ఇంటిలోనే తాలీం దొరికినది. మన విద్యార్థినులకు వ్యాయామశాలలో వేళ కేటాయించే మాట కూడా ఇక్కడనే జ్ఞాపకం చేస్తున్నాను.

మన విద్యార్థులలో పలువురు సాయంత్రాలు మెకానిక్ షెడ్లలో, మార్కెట్ యార్డులో, రంగులు వేసే పనిలో ఇంటికి సాయపడేవారు. వారికి భుజం అలంకారం కాదు, కూలి. అది చెడితే మందుల ఖర్చు ఒకవైపు, పోయిన దినకూలి మరొకవైపు.

కావున పాలకసంఘం వారికి నా మనవి: ఈ యేడు క్రొత్త బరువులు కొనవద్దు. ఆ సొమ్ముతో దినమునకు రెండు గంటలు తెలిసిన బోధకుని నియమించండి. క్రొత్తవారు మొదటి నెల ఇరువది కిలోల వట్టి కడ్డీతోనే అభ్యసించాలి. ఒంటరిగా ఎవరూ బల్లమీద పరుండరాదు. తల దగ్గర ఒకరు నిలువవలెను. మన వేసవిలో అరచేతులు చెమరుస్తాయి, బొటనవ్రేలు చుట్టని పట్టు జారితే కడ్డీ పడేది గొంతు మీదనే. ద్వారం దగ్గర ఒక తువాలు, కొంత సుద్దపొడి ఉంచడానికి తీర్మానం కూడా అక్కరలేదు.